పాత పికప్‌లో బ్రేక్ పెడల్ మెత్తగా పోతోందా? బూస్టర్ మార్చే ముందు వెనక డ్రమ్ములు విప్పండి

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలే పికప్ ఉంది. 2011 మోడల్, ముందు డిస్క్, వెనక డ్రమ్. విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2024 బుడమేరు వరదలో సింగ్ నగర్ వైపు నీళ్ళలో నిలిచిన బండి అని తర్వాత తెలిసింది. రెండు నెలలుగా బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోతోంది. వెంటవెంటనే రెండు మూడుసార్లు కొడితే పైకొచ్చి పడుతోంది. మెకానిక్ మాస్టర్ సిలిండర్ కొత్తది వేసి గాలి తీశాడు. వారం రోజులు బ్రహ్మాండంగా ఉంది, మళ్ళీ మొదటికొచ్చింది. ఆయిల్ ఎక్కడా కారడం లేదు గానీ డబ్బాలో కొద్దికొద్దిగా తగ్గుతోంది. ఇప్పుడు బూస్టర్ మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?

జవాబు: వద్దు. బూస్టర్ పాడైతే పెడల్ గట్టిపడుతుంది, మెత్తబడదు. బూస్టర్ పని మీ కాలి బలానికి వాక్యూమ్ బలం తోడు చేయడం. దాని లోపలి రబ్బరు పొర (డయాఫ్రం) చిరిగినా, ఆల్టర్నేటర్ వెనకున్న వాక్యూమ్ పంపు నీరసించినా, గొట్టం ఊడినా ఆ తోడు పోతుంది. అప్పుడు పెడల్ రాయిలా తగులుతుంది, ఎంత గట్టిగా తొక్కినా బండి త్వరగా ఆగదు. మీ లక్షణం దానికి పూర్తిగా తిరగబడి ఉంది. అయినా అనుమానం తీరాలంటే ఇంజన్ ఆపి పెడల్‌ను ఐదారుసార్లు తొక్కి వాక్యూమ్ ఖాళీ చేయండి. తర్వాత కాలు గట్టిగా ఆనించి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ మీ కాలి కింద కొద్దిగా దిగితే బూస్టర్ పని చేస్తున్నట్టే. ఈ దిగడాన్ని చూసే చాలామంది ‘ఇంజన్ ఆన్ చేస్తే బ్రేక్ మెత్తబడుతోంది’ అని కంగారు పడతారు. అది జబ్బు కాదు.

అన్నిటికన్నా ముందు, ఈ సంగతి తేలేదాకా బండికి లోడు ఎక్కించకండి. రెండోసారి కొడితే పడుతోంది కదా అని నడిపేస్తున్నారేమో. కాజ టోల్ ప్లాజా దగ్గర ముందు లారీ ఆగినప్పుడు రెండోసారి కొట్టే వ్యవధి దొరక్కపోవచ్చు. 45 కిలోల టిక్కీలు 40 వేస్తే 1,800 కిలోలు. ఆ బరువు వెనక నుంచి తోస్తున్నప్పుడు ఒక్క తొక్కు వృథా పోవడం చిన్న విషయం కాదు.

పెడల్ ఎందుకు మెత్తబడుతుందో కొంచెం లెక్కతో చూస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది మాస్టర్ సిలిండర్. అది ఒక్క తొక్కుకు పంపగలిగే ఆయిల్ చాలా తక్కువ. ఉదాహరణకు మాస్టర్ లోపలి వ్యాసం 24 మి.మీ., వెనక డ్రమ్ముల్లో షూలను (డ్రమ్ముకు ఆని రాపిడితో చక్రాన్ని ఆపేవి) నెట్టే వీల్ సిలిండర్లు 22 మి.మీ., పెడల్ నిష్పత్తి 4:1, అంటే పెడల్ 4 మి.మీ. దిగితే మాస్టర్ పిస్టన్ 1 మి.మీ. కదులుతుంది అనుకుందాం. డ్రమ్‌కూ షూకూ మధ్య సందు పెరిగి, వెనక నాలుగు పిస్టన్లూ తలా 1 మి.మీ. ఎక్కువ జరగాల్సి వస్తే సుమారు 1.5 మి.లీ. ఆయిల్ అదనంగా కావాలి. అందుకు మాస్టర్ పిస్టన్ 3.4 మి.మీ., మీ పెడల్ దాదాపు 13 మి.మీ. అదనంగా దిగాలి. సందు 2 మి.మీ. అయితే పెడల్ అంగుళానికి పైగా ఉత్తినే పోతుంది. అలాగే లైన్లో 2 మి.లీ. గాలి ఉందనుకోండి, అంటే అర టీస్పూన్‌కు తక్కువే. బ్రేక్ ఒత్తిడికి ఆ గాలి నలిగి దాదాపు మాయమవుతుంది కాబట్టి ఇంకో 18 మి.మీ. పెడల్ దానికే ఖర్చవుతుంది. ఈ రెండూ కలిసి ఉంటే మొదటి తొక్కు నేలకు తగలడంలో వింతేమీ లేదు. పాత బండ్లలో ఇవి ఎక్కువగా కలిసే ఉంటాయి. అందుకే ఒక్కదాన్ని సరిచేసి ఊరుకుంటే సగం జబ్బు మిగిలిపోతుంది.

ఇప్పుడు ఏది ఎక్కడుందో పట్టుకోవాలి. బండిని సమతలం మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, ఇంజన్ ఆపి చూడండి. మొదట నెమ్మదిగా ఒక్కసారి తొక్కి పెడల్ ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. వదిలి, వెంటనే రెండు మూడుసార్లు కొట్టి మళ్ళీ ఆనించండి. పైకొచ్చిన పెడల్ చెక్క మీద కాలు పెట్టినట్టు గట్టిగా ఆగితే లోపం షూల సందులో ఉంది. పైకొచ్చినా కింద ఏదో సాగుతున్నట్టు, వదిలితే వెనక్కి తోస్తున్నట్టు అనిపిస్తే గాలి ఉంది. పైకి రాకుండా ఎన్నిసార్లు కొట్టినా అలాగే ఉంటే మాస్టర్‌నో, పెద్ద లీకునో అనుమానించాలి.

తర్వాత ఒకే బలంతో 30 సెకన్ల పాటు తొక్కి పట్టండి. కాలి కింద పెడల్ మెల్లగా జారిపోతుంటే రెండే కారణాలు. ఆయిల్ బయటికి పోతోంది, లేదా మాస్టర్ లోపలి రబ్బరు కప్పులు దాటి వెనక్కి డబ్బాలోకే వెళుతోంది. మొదట దిగినా ఒకచోట ఆగి అక్కడే నిలిస్తే మాస్టర్ బాగానే ఉన్నట్టు. మీ మాస్టర్ కొత్తది కాబట్టి నిలుస్తుందనే అనుకుంటున్నాను. అయినా చూడండి, కొత్త పార్టు అయినంత మాత్రాన మంచి పార్టు అని నమ్మకం లేదు.

మూడో పరీక్ష చాలామంది చేయరు, కానీ మీ బండికి అసలు కావలసింది అదే. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి అప్పుడు పెడల్ తొక్కండి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ వెనక షూలను ముందే డ్రమ్ముకు ఆనిస్తుంది, అంటే సందు లేకుండా చేస్తుంది. అలా లాగినప్పుడు పెడల్ ఎత్తుగా, గట్టిగా వచ్చి, వదిలితే మళ్ళీ లోతుకు పోతే వెనక అడ్జస్ట్‌మెంట్ లేదని చేతికి చిక్కిన రుజువు. తేడా కొంచెమే కనబడితే సందూ ఉంది, గాలీ ఉంది.

మీరు రాసిన దాంట్లో నాకు పెద్ద ఆధారం ‘వారం రోజులు బాగుంది’ అన్న మాట. గాలి సరిగా తీయకపోతే మొదటి రోజే మెత్తగా ఉండేది. బూస్టర్ పుష్ రాడ్‌కూ కొత్త మాస్టర్ పిస్టన్‌కూ మధ్య ఖాళీ ఎక్కువైనా మొదటి రోజు నుంచే పెడల్ పైన కొంత ఉత్తినే ఆడేది. బాగై మళ్ళీ చెడిందంటే ఎక్కడి నుంచో కొత్తగా గాలి లోపలికి చేరుతోంది. ఆయిల్ తగ్గుతూ బయట కనబడటం లేదంటే అది కళ్ళకు కనబడని చోట దాక్కుంటోంది. ఈ రెండూ కుదిరే చోటు వెనక వీల్ సిలిండర్లు.

సిలిండర్ నుంచి ఆయిల్ కారితే తెలియాలి గదా అంటారేమో. పాత సిలిండర్లో పట్టు తగ్గిన రబ్బరు కప్పు విచిత్రంగా పని చేస్తుంది. తొక్కినప్పుడు ఒత్తిడికి దాని అంచు విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది కాబట్టి ఆయిల్‌ను ఆపుతుంది. కాలు చటుక్కున తీసినప్పుడు మాస్టర్ పిస్టన్ వెనక్కి వచ్చినంత వేగంగా లైన్లోని ఆయిల్ రాలేదు. క్షణకాలం లైన్లో ఒత్తిడి పడిపోతుంది. బిగుసుకుపోయిన కప్పు అంచు ఆ క్షణంలో వదులై బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. రోజుకు కొన్ని వందలసార్లు బ్రేక్ వేసే బండిలో ఇలా బిందువు బిందువుగా చేరిన గాలి వారానికి పెడల్‌ను మెత్తబరుస్తుంది. చెమ్మగిల్లిన కొద్దిపాటి ఆయిల్ సిలిండర్ చివరి దుమ్ము రబ్బరు లోపల నిలిచి ఉంటుంది, డ్రమ్ము బయటికి రాదు.

వరద నీళ్ళు చేసేది సరిగ్గా ఇదే. బండి నీళ్ళలో రోజుల తరబడి నిలిస్తే డ్రమ్ములోకి బురదనీరు చేరి దుమ్ము రబ్బరు కింద కూర్చుంటుంది. పోత ఇనుము సిలిండర్ గోడ మీద తుప్పు గుంటలు పడతాయి. పైకి కడిగి, షూలు ఆరబెట్టి అమ్మేస్తే లోపలి గుంటలు ఎవరికీ కనబడవు. అదే తుప్పు స్టార్ అడ్జస్టర్ మరలను కూడా పట్టేస్తుంది. షూ అరిగే కొద్దీ సందు తగ్గించాల్సిన అడ్జస్టర్ తిరగకుండా బిగుసుకుంటే సందు పెరుగుతూనే ఉంటుంది. అందుకే మీ బండిలో గాలీ సందూ రెండూ ఉండే అవకాశం ఎక్కువ.

కాబట్టి వెనక రెండు డ్రమ్ములూ విప్పించండి. బండి వెనక భాగాన్ని లేపి స్టాండ్ల మీద నిలపాలి, ఉత్త జాకీ మీద నమ్మి కిందికి దూరకూడదు. హ్యాండ్ బ్రేక్ వదిలేయాలి. డ్రమ్ము రాకపోతే దాని వెనకున్న బ్యాక్ ప్లేట్‌ రేకులోని రంధ్రం గుండా అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి షూలు ముడుచుకునేలా చేయాలి. సుత్తితో డ్రమ్ము అంచు మీద బాదితే పగులుతుంది. లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదనివ్వకండి. షూల మీది పాత లైనర్లలో (రాపిడి పట్టీల్లో) ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. నీళ్ళతో తడిపి గుడ్డతో తుడిపించండి.

ఇక దుమ్ము రబ్బరు అంచును చిన్న స్క్రూడ్రైవర్‌తో ఎత్తి చూడండి. లోపల ఒట్టి చెమ్మ తగిలినా వదిలిపెట్టొచ్చని కొందరంటారు. మీ బండి చరిత్ర చూస్తే నేను ఒప్పుకోను. ఆయిల్ బొట్టు కనబడినా, తుప్పు రంగు బురద కనబడినా సిలిండర్ మార్చాల్సిందే. సిలిండర్ అదే ఉంచి కొత్త రబ్బర్ల కిట్టు వేసి సరిపెడదాం అంటారు మెకానిక్‌లు. గోడ అద్దంలా నున్నగా ఉంటేనే కిట్టు నిలుస్తుంది. గోరుకు తగిలే గుంట ఉంటే కొత్త రబ్బరు కూడా నెలకే పోతుంది. సిలిండర్లు రెండు వైపులా ఒకేసారి మార్పించండి. డ్రమ్ములో తడి ఉంటే అది బ్రేక్ ఆయిలా, యాక్సిల్ సీలు నుంచి వచ్చిన గేర్ ఆయిలా అన్నది కూడా తేల్చుకోవాలి. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం వాసనతో ఉంటుంది, నీళ్ళలో వేస్తే తేలుతుంది. బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది. గేర్ ఆయిల్ అయితే యాక్సిల్ సీలు కూడా మార్చాలి. ఏదైనా సరే ఆయిల్ తాగిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి వాడకూడదు. వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్ళీ పైకి ఊరుతుంది.

డ్రమ్ముల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆటోనగర్‌లో లేత్ మీద టర్నింగ్ కొట్టించిన డ్రమ్ము లోపలి వ్యాసం పెరుగుతుంది. దాటకూడని గరిష్ఠ కొలత డ్రమ్ము మీదే పోతలో ఉంటుంది. తుప్పు గీకి చదివి, లోపలి వ్యాసం కొలిపించి పోల్చండి. ఆ కొలత దాటితే డ్రమ్ము మార్చాలి, బేరం లేదు. దాటకపోయినా పెద్దదైన డ్రమ్ములో మామూలు కొలత లైనర్ వేస్తే షూ మధ్యభాగం మాత్రమే ఆనుతుంది, రెండు కొసలూ గాల్లో ఉంటాయి. గట్టిగా తొక్కినప్పుడు షూ వంగి కొసలు ఆనడానికి ప్రయత్నిస్తుంది. ఆ వంగడం మీ కాలికి స్పాంజిలాగే తగులుతుంది. ఎన్నిసార్లు గాలి తీసినా పోని మెత్తదనానికి ఇదొక కారణం. సుద్దతో లైనర్ మీద గీతలు గీసి డ్రమ్ము పెట్టి, తిప్పుతూ బ్రేక్ వేసి విప్పి చూడండి, ఎక్కడ ఆనిందో సుద్ద చెరిగిన చోటే చూపిస్తుంది. మధ్యలో మాత్రమే చెరిగితే లైనర్‌ను డ్రమ్ము వంపుకు తగ్గట్టు రుద్దించాలి.

స్టార్ అడ్జస్టర్‌ను పూర్తిగా విడదీసి, మరలు వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, వేడికి కరగని గ్రీజు పల్చగా రాసి చేత్తో సాఫీగా తిరిగేదాకా పని చేయించండి. బిగించేటప్పుడు కుడి, ఎడమ అడ్జస్టర్లు తారుమారు కాకూడదు. వాటి మరలు వ్యతిరేక దిశల్లో ఉంటాయి, మారితే ఆటోమేటిక్‌గా బిగించాల్సింది వదులు చేస్తుంది. షూలు బ్యాక్ ప్లేట్ మీద రుద్దుకునే మెట్ల దగ్గర కూడా చుక్క గ్రీజు చాలు. చక్రం ఎక్కించాక రంధ్రం గుండా స్క్రూడ్రైవర్‌తో చక్రం తిరగకుండా పట్టేదాకా బిగించి, అక్కడి నుంచి సన్నటి రాపిడి మాత్రమే వినబడేంత వరకు వెనక్కి వదలాలి. పెడల్ రెండుసార్లు గట్టిగా తొక్కి షూలు మధ్యకు సర్దుకున్నాక మళ్ళీ చూడాలి. రెండు చక్రాలూ ఒకే రాపిడితో తిరగాలి. ఇదంతా అయ్యాకే హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించాలి. కేబుల్ ముందే లాగేస్తే షూలు విశ్రాంతి స్థానానికి రావు, అడ్జస్టర్ పని చేయదు, పైకి మాత్రం హ్యాండ్ బ్రేక్ బాగున్నట్టు కనిపిస్తుంది.

గాలి తీయడంలో మన దగ్గర జరిగే తప్పులు కొన్నున్నాయి. మొదటిది, చక్రాలు గాలిలో వేలాడదీసి వెనక గాలి తీయడం. మీ బండిలో వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య రాడ్డుతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ (లోడును బట్టి వెనక బ్రేకుల ఒత్తిడిని మార్చేది) ఉంటే అది యాక్సిల్ వేలాడినప్పుడు ‘బండి ఖాళీ’ అనుకుని వెనక్కి వెళ్ళే దారిని సన్నబరుస్తుంది. అప్పుడు ఆయిల్ సరిగా పారదు, గాలి బుడగ లోపలే నిలుస్తుంది. బండిని చక్రాల మీద నేలకు నిలిపి, కిందికి దూరి గాలి తీయించండి. పికప్ ఎత్తుగా ఉంటుంది, కుదురుతుంది. ఆ వాల్వ్‌కు సొంత బ్లీడర్ స్క్రూ (గాలి బయటికి వదిలే మర) ఉంటే దాన్ని కూడా వదిలిపెట్టకూడదు.

రెండోది వరస. కుడివైపు స్టీరింగ్ బండిలో మాస్టర్ కుడివైపున ఉంటుంది కనుక దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, కుడి వెనక, ఎడమ ముందు, చివరికి కుడి ముందు. మీ బండి మాన్యువల్లో వేరే వరస ఉంటే అదే పాటించండి. బ్లీడర్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొసను సగం దాకా బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. లోపల ఒకరు నెమ్మదిగా తొక్కి పట్టాలి, కింద ఒకరు బ్లీడర్‌ను పావు చుట్టు తిప్పి, పెడల్ దిగుతుండగానే మూసేయాలి. మూసిన తర్వాతే పైవాళ్ళు కాలు తీయాలి. ‘పట్టు’, ‘వదులు’ అని ఇద్దరూ గట్టిగా చెప్పుకోవాలి. ఈ మాటల తారుమారులోనే సగం గాలి మళ్ళీ లోపలికి పోతుంది. దడదడా కొట్టించడం వద్దు, ఆయిల్ నురగై పెద్ద బుడగ వంద చిన్న బుడగలవుతుంది. ప్రతి ఐదారు తొక్కులకూ డబ్బా నింపుతూ ఉండాలి. ఒక్కసారి ఖాళీ అయితే మాస్టర్ గాలి పట్టి పని మొదటికొస్తుంది.

మూడోది, గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా దించడం. పాత మాస్టర్ గోడలో రోజూ వాడని లోతు భాగంలో తుప్పు, గరుకు చేరి ఉంటాయి. కప్పులు అక్కడిదాకా వెళితే కోసుకుంటాయి. మీ మాస్టర్ కొత్తదైనా ఈ అలవాటు మంచిది కాదు. పెడల్ కింద ఒకటిన్నర అంగుళాల మందం చెక్క ముక్క పెట్టించండి. ఎంతసేపు తీసినా గొట్టంలో సన్నటి బుడగలు ఆగకపోతే అవి బ్లీడర్ మరల సందు నుంచి గొట్టంలోకి వస్తున్న బయటి గాలి కావచ్చు, లోపలివి కాకపోవచ్చు. మరల చుట్టూ గ్రీజు రాసి చూస్తే తేలిపోతుంది. తుప్పు పట్టిన బ్లీడర్‌ను ఓపెన్ స్పానర్‌తో లాగితే మూలలు అరుగుతాయి. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలి, ఆరు మూలల రింగు స్పానర్‌తో ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి ఆ తర్వాత విప్పించండి. వరదలో మునిగిన బండికి ఈ పని మర్యాదగా జరగదు, నాలుగు కొత్త బ్లీడర్లు దగ్గర ఉంచుకోవడం మేలు.

ముందు చక్రాల దగ్గర చూడాల్సింది తక్కువే. కాలిపర్ (డిస్కును ప్యాడ్లతో నొక్కే భాగం) మీద బ్లీడర్ ఎప్పుడూ పై కొసన ఉండాలి. కాలిపర్లు విప్పి కడిగినప్పుడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే బ్లీడర్ కిందికి పోయి, పైన నిలిచిన గాలి ఎప్పటికీ రాదు. గుంతల రోడ్డు మీద పోయాక మొదటి తొక్కు లోతుకు పోయి, రెండోది బాగుంటే వీల్ బేరింగ్ వదులై డిస్క్ ఊగుతూ ప్యాడ్లను వెనక్కి తోస్తోందన్నమాట. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తే ఆట తెలుస్తుంది. వరదనీరు బేరింగ్ గ్రీజులోకి కూడా పోతుంది, కాబట్టి ఎలాగూ విప్పి కొత్త గ్రీజు పెట్టించాలి.

రబ్బరు హోస్ పైపులు మూడు ఉంటాయి. ముందు రెండు, వెనక యాక్సిల్‌కు ఒకటి. ఒకరు గట్టిగా తొక్కుతుండగా ఇంకొకరు చేత్తో పట్టుకుంటే ఉబ్బుతున్న పైపు తెలిసిపోతుంది. అన్నీ అయ్యాక కూడా మెత్తదనం మిగిలితే మూడింటినీ హోస్ క్లాంపులతో మూసి తొక్కండి. అప్పుడు పెడల్ గట్టిపడితే మాస్టర్ నిర్దోషి. ఒక్కో క్లాంపు తీస్తూ తొక్కితే ఏది తీసినప్పుడు దిగిందో లోపం ఆ వైపే. క్లాంపు నొక్కే దవడలు గుండ్రంగా, నున్నగా ఉండాలి. వైస్ గ్రిప్‌తో నొక్కితే పైపు లోపలి పొర చిట్లుతుంది. పదేళ్ళు దాటిన పైపులైతే పరీక్ష అయ్యాక మార్చేయడమే సరైన పని.

ఆయిల్ మొత్తం మార్చండి. డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి అదే కొనండి. సీలు వేసిన డబ్బాలే కొనండి, లైన్లన్నీ కడగడానికి ఒక లీటరు దాకా పట్టొచ్చు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, మన కృష్ణా తీరపు ఉక్కలో మూత తీసి ఉంచిన డబ్బా నమ్మదగ్గది కాదు. ప్రమాణం ప్రకారం డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు పీల్చాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. నీరు కలిసిన ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు పెడల్‌ను మెత్తబరచదు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ దిగుతున్నప్పుడు, లోడుతో వరసగా బ్రేకులు వేసినప్పుడు మరిగి ఆవిరై ఒక్కసారిగా పెడల్‌ను నేలకు దించుతుంది. మీ పెడల్ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా మెత్తగా ఉంటే ఇప్పటి జబ్బుకు మూలం అది కాదు. అయినా మునిగిన బండిలో పాత ఆయిల్ ఉంచడం మంచిది కాదు.

డబ్బా మూత కింది రబ్బరు ఉబ్బి, సాగి, జిగటగా కనిపిస్తే మాత్రం ఆగండి. ఎవరో ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోసి ఉంటారు. అప్పుడు కడగడంతో సరిపోదు. మాస్టర్, వీల్ సిలిండర్లు, కాలిపర్ సీళ్ళు, హోసులు, వాల్వ్, ఇలా రబ్బరు తగిలిన ప్రతిదీ మార్చాలి.

వీల్ సిలిండర్లు పొడిగా ఉండి ఆయిల్ ఇంకా తగ్గుతుంటే మాస్టర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచిన రెండు నట్లు విప్పి, పైపులు ఊడదీయకుండా కొంచెం ముందుకు లాగి వెనకభాగం చూడండి. అక్కడ తడి ఉంటే ఆయిల్ బూస్టర్ పొట్టలోకి పోతోంది. అప్పుడు కూడా తప్పు మాస్టర్ వెనక సీలుదే. చాలాకాలం ఆయిల్ నిలిచి డయాఫ్రం దెబ్బతింటేనే బూస్టర్ మార్చాలి. ప్యాడ్లు, లైనర్లు అరిగే కొద్దీ కూడా డబ్బాలో మట్టం కొంచెం తగ్గుతుందని గుర్తుంచుకోండి, కానీ అది నెలల మీద వేలెడు తగ్గడం. వారం వారం తగ్గితే లీకే.

లోడ్ సెన్సింగ్ వాల్వ్ గురించి ఇంకొక్క మాట. టిక్కీలు ఎక్కువ వేయడానికి వెనక కమాన్లలో అదనపు పట్టీలు వేయించి ఉంటే, ఎంత లోడు వేసినా బండి వెనకభాగం కుంగదు. వాల్వ్ రాడ్డు కదలదు కనుక వెనక బ్రేకులకు ఒత్తిడి తక్కువే వెళుతుంది, ముందు డిస్కులు భారమంతా మోసి మండిపోతాయి. పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగడం లేదనిపిస్తే ఇదే చూడాలి. రాడ్డును తాడుతో కట్టేసి వాల్వ్‌ను ఎప్పుడూ తెరిచి ఉంచే మెకానిక్‌లు ఉన్నారు. అది చేయనివ్వకండి, వానలో ఖాళీ బండి వెనక చక్రాలు లాక్ అయి అడ్డం తిరుగుతుంది. మాన్యువల్లోని కొలతకు రాడ్డు సర్దించాలి, లేదా అదనపు పట్టీలు తీయించాలి.

పని అయ్యాక బండి కదలకముందే 30 సెకన్ల పరీక్ష మళ్ళీ చేయండి. ఇంజన్ నడుస్తుండగా మొదటి తొక్కే సగం దారిలోపు గట్టిగా ఆగాలి. తర్వాత ఖాళీ మైదానంలో 20 కిలోమీటర్ల వేగంతో ఆపి చూడండి, బండి పక్కకు లాగకూడదు. ఆ తర్వాత 40. చక్రాల దగ్గర చెయ్యి పెట్టి, తగలనివ్వకుండా, నాలుగింటి వేడీ పోల్చండి. ఒక్కటే బాగా కాలుతుంటే అక్కడ షూ గానీ కాలిపర్ గానీ పట్టేసి ఉంది. ఇవన్నీ సరిపోతే సగం లోడుతో రెండు రోజులు నడిపి, డబ్బా మీద పెన్నుతో గీసిన గీత దగ్గరే ఆయిల్ మట్టం నిలిచిందో లేదో చూసుకున్నాక పూర్తి లోడు ఎక్కించండి.